ఒక మనిషి, ఒక ఎంట్రీ

శుభవార్త వచ్చేసరికి ఆమె స్టూలు మీద ఉంది. కర్టెన్ రాడ్డు ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస పక్క స్టూలు మీదున్న కొత్త మొగుడి చేతిలో. పెళ్ళై ఇరవై మూడు రోజులు, ఈ రెండు గదుల ఇంట్లో చేరి పదకొండు రోజులు. కర్టెన్లు నిమ్మపండు రంగువి. ఆ రంగు కోసం దుకాణంలో గంటన్నర తగువులాడుకున్నారు. ఆ తగువు ఇద్దరికీ ఎంత బాగుందంటే, చివరికి దుకాణం ఆయన, "కొనకపోయినా పర్లేదు, కూర్చుని పోట్లాడుకోండి" అని రెండు కుర్చీలు వేయించాడు.

కుర్తీ జేబులో ఫోను గుర్రుమంది.

"తీసి చదవవా? నాకు చేతులు ఖాళీ లేవు" అంది.

"నాకేమైనా నాలుగున్నాయా?" అంటూనే అతను వంగి ఫోను లాగాడు. కిటికీ చిన్నది కాబట్టి చెయ్యి అందింది. అతను కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే మనిషి. ఏది చదివినా గోడ మీద అక్షరాల పట్టీ చదివినట్టే చదువుతాడు, ఒక్కొక్క మాట విడివిడిగా. "ఆస్పత్రిలో. మన సిస్టమ్. నెల రోజులుగా. ఒక్క తప్పు లేకుండా. నడుస్తోంది."

"తర్వాత?"

"వాళ్ళ పెద్దలకి. నీ 'ఒక మనిషి, ఒక ఎంట్రీ'. తెగ నచ్చింది. ఇక నుంచి. ఆ భాగం మొత్తానికి. నువ్వే బాధ్యురాలివి. రేపు స్వీట్లు. నువ్వే. తేవాలి."

రాడ్డు ఆమె చేతిలోంచి జారింది. నిమ్మపండు రంగు గుడ్డంతా అతని నెత్తిన పడింది. దాని కిందనుంచే అతను, "ఇంతకీ ఏంటది మేడమ్ గారూ, ఒక మనిషికి ఒకటే ఎంట్రీ అయితే అంత గొప్పా?" అన్నాడు.

తమ ఆఫీసు ఆస్పత్రికి చేసిచ్చిన సాఫ్ట్‌వేర్ సంగతి ఆమె స్టూలు దిగకుండానే చెప్పింది. ఆస్పత్రిలో అడుగుపెట్టిన ప్రతి మనిషీ బొటనవేలి ముద్ర వెయ్యాలి. రోగి అయినా, డాక్టరైనా, ఊడ్చే మనిషైనా అంతే. ఆ ముద్రకి ఒక్కటే ఎంట్రీ ఉంటుంది. ఒకే మనిషి పేరున నాలుగు చీట్లు, నాలుగు ఫైళ్ళు తిరిగే గొడవ ఇక లేదు. మందుల గదిలోనైనా జీతాల గదిలోనైనా వేలు పెడితే చాలు, ఎవరో ఏమిటో సిస్టమే చెప్పేస్తుంది.

"వేలు పెడితే చాలా?" అని అతను గుడ్డ కిందనుంచి బొటనవేలు బయటపెట్టాడు. "చెప్పు చూద్దాం, నేనెవరు?"

"కర్టెన్" అంది ఆమె. ఇద్దరూ స్టూళ్ళు పడిపోయేదాకా నవ్వారు.

మర్నాడు ఆఫీసులో స్వీట్ల పెట్టె మూత తీయకముందే చేతులు చుట్టుముట్టాయి. "పెళ్ళికూతురు వచ్చిందర్రా" అని ఒకరు, "పెళ్ళి స్వీట్లా, ప్రమోషన్ స్వీట్లా? రెండూ కలిపేస్తే ఊరుకోం" అని ఇంకొకరు. టీమ్ లీడర్ తన అద్దాల గదిలోంచి తలుపు కొంచెం తీసి రెండు తీసుకున్నాడు. ఆయన్ని అందరూ గడువు గారు అంటారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. గోడ మీద ఎప్పుడూ ఒక తేదీ రాసి ఉంటుంది, ఎర్ర అక్షరాలతో. అది దాటగానే ఇంకోటి రాస్తాడు.

పదకొండున్నరకి ఆస్పత్రి నుంచి ఫోను. రోగుల పేర్లు నమోదు చేసే కౌంటర్‌లో ఉండే పెద్దాయన. కాగితాల రోజుల్లో చీటీల మీద స్టాంపు కొట్టీ కొట్టీ స్టాంపు మాస్టారు అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు కంప్యూటర్ మీటలు కూడా స్టాంపు కొట్టినట్టే కొడతాడు, ఫోనులో వినపడుతుంది.

"అమ్మా, ఒక చిన్న బటన్ చెప్పాలి. మన ఆయమ్మని చేర్చుకోవాలి."

"ఏ ఆయమ్మ?"

"ఏ ఆయమ్మ ఏంటమ్మా, మన ఆయమ్మే. ఆడవాళ్ళ సర్జరీ వార్డు. మీరు మా పని చూడ్డానికి వచ్చినప్పుడు రెండు రోజులు వెంట తిప్పుకుంది కదా."

ఆయమ్మ! దుప్పటి ఒక్క విసురుతో మంచం నాలుగు మూలలా పరిచే ఆయమ్మ. వెళ్ళిన మొదటి గంటలోనే టీ ఇచ్చి, "కూర్చుని రాస్తే ఏం తెలుస్తుంది తల్లీ, నా వెనకాల రా" అన్న మనిషి.

"ఏమైంది ఆవిడకి?"

"మనుషుల్ని ఎత్తీ దించీ కడుపు పక్కన పేగు జారిందట. ఆర్నెల్లుగా గుడ్డ బిగించి కట్టుకుని తిరుగుతోంది. డాక్టర్ గారు నిన్న చూసి కేకలేశారు. అది బిగుసుకుపోతే ప్రాణం మీదికొస్తుందట. ఆ ఆపరేషన్ చేసే ఆయన వచ్చేది శుక్రవారాలే. ఈ శుక్రవారం చేసేద్దామన్నారు. నేను ఇక్కడ 'కొత్త రోగి' కొట్టి, వేలు పెట్టించా. 'ఈ వ్యక్తి ఉద్యోగి' అంటోంది. మళ్ళీ పెట్టించా. మళ్ళీ అదే."

ఆమె చేతిలో సగం కొరికిన స్వీటు ఉంది. అది బల్ల అంచున పెట్టింది.

"ఒక్క పది నిమిషాలు మాస్టారూ, నేను చేస్తాను."

ఆస్పత్రి సిస్టమ్‌కి అచ్చం అలాంటిదే ఇంకొకటి ఆఫీసులో ఉంటుంది, ఏం చేసి చూసినా బయటికి నష్టం లేని కాపీ. అందులో ఆయమ్మ ఎంట్రీ తెరిచింది. ఫోటోలో ఆయమ్మ కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తోంది, ఎవరో పిలిచినట్టు. రకం: ఉద్యోగి. సర్వీసు: పందొమ్మిది సంవత్సరాల రెండు నెలలు. కింద సెలవులు, షిఫ్టులు, జీతం మెట్లు, ఒకసారి దక్కిన మెచ్చుకోలు ఉత్తరం. ఆ 'ఉద్యోగి' అన్న గడిని 'రోగి' అని మార్చింది.

సిస్టమ్ ఒప్పుకోలేదు. ఒకసారి పుట్టిన ఎంట్రీ రకం మారదు. పాత ఎంట్రీ తీసేసి కొత్తది సృష్టించాలి. తీసేసింది. కాపీయే కదా. కొత్తది చేసింది. అదే ఫోటో, అదే వేలు. రకం: రోగి. కింద అన్నీ ఖాళీ. పందొమ్మిదేళ్ళు ఉన్నచోట సున్నా కూడా లేదు, రోగులకి సర్వీసు అనే గడే ఉండదు.

మళ్ళీ ఉద్యోగిగా చేర్చి చూసింది. చేరిన తేదీ: ఈరోజు.

ఫోను తీసి మాస్టారికి చేసింది. "ఇంకో గంట" అంది. ఆ గంట మధ్యాహ్నమైంది, మధ్యాహ్నం సాయంత్రమైంది.

గడువు గారు ఓపికగా విన్నాడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎంత బాగుండేదో అని తర్వాతి రెండు రోజుల్లో ఆమెకి చాలాసార్లు అనిపించింది.

"సరే, మార్చాలంటే ఎన్ని చోట్ల మార్చాలి?"

"రకం అన్నది అన్ని చోట్లా ఉంది సార్. జీతాలు, మందులు, మంచాలు, గేటు. నలభై స్క్రీన్లు. వేలిముద్రలన్నీ మళ్ళీ కలపాలి. నేనొక్కదాన్నే కూర్చుంటే మూడు వారాలు."

"మూడు నెలల దాకా ఏదీ ముట్టుకోబోమని వాళ్ళకి రాసిచ్చాం. వాళ్ళే అడిగారు. ముట్టుకుంటే ఆగిపోతుందేమోనని వాళ్ళ భయం. ఆగితే అక్కడున్నది ఒక్క ఆయమ్మ కాదు, ఆరొందల మంచాలు." ఆయన గోడ మీది తేదీ వైపు చూశాడు. "లోపల లోపల మార్చేద్దామని మాత్రం చూడకు పెళ్ళికూతురా. నీ పేరు మీదే ఉందిప్పుడు."

"శుక్రవారం సార్ ఆపరేషన్."

"అర్థమైంది. వాళ్ళ సూపరింటెండెంటుకి మెయిల్ పెడతాను. ఆయన ఏదో దారి చూస్తాడు." అప్పుడే పెట్టాడు కూడా, ఆమె ఎదురుగానే. "అయినా, ఒక మనిషి ఒకేసారి రెండు ఎలా అవుతారని ఎవరూ అనుకోలేదా మనలో?"

ఒకరు అనుకున్నారు.

బుధవారం సాయంత్రం ఇంట్లో అల్మరా పైనుంచి పాత పుస్తకం తీసింది. ఆస్పత్రిలో తిరిగిన రెండు రోజుల రాతలు. మూడో పేజీలో ఆమె గీసిన బొమ్మ అలాగే ఉంది. మధ్యలో ఒక మనిషి. చుట్టూ కొక్కేలు. ఒక కొక్కేనికి ఉద్యోగం, ఒకదానికి వైద్యం, ఒకదానికి తోడు ఉండడం. కొక్కేనికి కోటు తగిలించినట్టు తగిలించొచ్చు, తీయొచ్చు, రెండు మూడు ఒకేసారి తగిలించొచ్చు. లోపలి మనిషి మాత్రం మారదు. కాలేజీలో దీన్నే పాత్రలతో డిజైన్ అని నేర్పారు. మనిషి ఒక ఆబ్జెక్ట్, పాత్రలు వేరే. పక్కన ఆయమ్మ మాటలే రాసుకుంది: పొద్దున డ్యూటీలో ఉంటా, మధ్యాహ్నం బీపీ చూపించుకుంటా, సాయంత్రం మా చెల్లెలికి కాన్పయితే దాని మంచం పక్కన కూర్చున్నా. మూడూ నేనేగా తల్లీ.

భర్త అప్పుడే షాపు నుంచి వచ్చాడు. చేతిలో ఒకటే గొడుగు, పైగా ఆమెది. పొద్దున పొరపాటున పట్టుకెళ్ళి, సాయంత్రం దాన్ని మోసుకుంటూ మురిసిపోయాడట. ఆమె మొహం చూసి గొడుగు తలుపు వెనక పెట్టేశాడు.

"ఇంత చక్కగా గీశావు కదా. మరి ఇదెందుకు చెయ్యలేదు?"

"చేశాను. సగం చేశాను." పేజీ తిప్పింది. తర్వాతి పేజీలో బొమ్మ లేదు, నాలుగు డబ్బాలు మాత్రం ఉన్నాయి: రోగి, ఉద్యోగి, డాక్టరు, తోడు. పైన తేదీ.

అతను తేదీని విడివిడిగా చదవబోయి ఆగాడు. అది పెళ్ళికి తొమ్మిది రోజుల ముందు.

"కోట్లు సరిగ్గా తగలడం లేదు. మనిషి రెండు వేసుకుంటే ఏ గదిలో ఏది చూపించాలో ప్రతిచోటా చెప్పాలి. ప్రోగ్రాముకి పెట్టిన పరీక్షలు తప్పుతూనే ఉన్నాయి. గడువు గారు, 'ఇది అయితేనే సెలవు' అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేనే... కొక్కేలన్నీ పీకేసి ఒక్కొక్కళ్ళనీ ఒక్కో డబ్బాలో పెట్టేశాను. రెండు రోజుల్లో అన్నీ పాసయ్యాయి. తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను. పెళ్ళి చీరకి బ్లౌజు కొలతలివ్వాలి కదా ఆ సాయంత్రం."

అతను పక్కన కూర్చున్నాడు. "ఆవిడ వేలికి ఏదైనా రాస్తే? ముద్ర మారేలాగా?" అన్నాడు.

"ఆయమ్మ వేలా?"

"పోనీ నా వేలు. నేను పెట్టి రోగినవుతా, ఆవిడ ఆపరేషన్ చేయించుకుంటుంది."

నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు నిండాయి. కిటికీకి కర్టెన్లు ఎంత బాగా కుదిరాయో ఆ పూట ఇద్దరూ చూడలేదు.

గురువారం సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళింది. ముందు సూపరింటెండెంటు గది. ఆయన బల్ల మీద గడువు గారి మెయిల్ అచ్చుతీసి ఉంది.

"చూడమ్మా, ఉద్యోగులకి ఇక్కడ వైద్యం ఉచితం. కానీ ఉద్యోగిగా ఉంటే రోగిగా చేర్చుకోవట్లేదు మీ సిస్టమ్. రోగిగా చేర్చాలంటే ఉద్యోగం తీసెయ్యమంటోంది. తీసేస్తే ఉచితం లేదు, పందొమ్మిదేళ్ళూ లేవు. నేనేం చెయ్యను? మామూలు సెలవైతే ఆవిడ ఖాతాలో ఉంది, అడిగితే ఇచ్చేస్తా. జబ్బు సెలవు ఇద్దామంటే దానికీ రోగి నంబరు కావాలి." ఆయన కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు, ఆమె చదివి జవాబు చెబుతుందన్నట్టు. "పాత పద్ధతిలో అయితే చీటీ మీద సంతకం పెట్టి పంపేసేవాణ్ణి. మీరే కదా చీట్లు తీసేయించారు."

సర్జరీ వార్డు రెండో అంతస్తులో. ఆయమ్మ మంచం మార్పిస్తోంది. మంచం మీదున్న ముసలావిడని పక్కకి దొర్లించి, పాత దుప్పటి చుట్టి నడుము కింద తోసి, అటువైపు వెళ్ళి లాగింది. లాగేటప్పుడు ఎడమ చెయ్యి తన పొత్తికడుపు మీదికి వెళ్ళింది, వెంటనే తిరిగొచ్చింది. ముసలావిడకి తెలియలేదు. కొత్త దుప్పటి ఒక్క విసురుతో పరుచుకుంది, కానీ నాలుగో మూల ముడతపడింది. ఆ ముడత దగ్గర ఆయమ్మ ఆగి ఊపిరి తీసుకుని సరిచేసింది.

"ఓయ్ పెళ్ళికూతురా!" ఆమెని చూడగానే మొహం ఇంతైంది. "ఒళ్ళు చేశావ్ తల్లీ! మొగుడు వండిపెడుతున్నాడా, నువ్వే వండుకుంటున్నావా?"

"ఇద్దరం కలిసి మాడబెడుతున్నాం."

"అదే కాపురం." దుప్పట్ల మూట భుజాన వేసుకోబోయింది. ఆమె లాక్కుంది. ఇద్దరూ గుడ్డల గదిలోకి నడిచారు. ఆ గది నిండా ఇస్త్రీ వాసన, వెచ్చగా ఉంది. ఆమె తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పేసింది. కొక్కేల బొమ్మ, డబ్బాలు, తొమ్మిది రోజులు, బ్లౌజు కొలతలు, ఏదీ దాచలేదు.

ఆయమ్మ వింటూ దుప్పట్లు మడతపెడుతూనే ఉంది. రెండు కొసలు ఆమె చేతికిచ్చి, తను రెండు పట్టుకుని, దగ్గరికి వచ్చి కలిపి, మళ్ళీ దూరం వెళ్ళి. అలా ఏడెనిమిది మడతలయ్యాయి.

"పెళ్ళి ముందర ఎవరికి చేతులాడతాయమ్మా" అంది చివరికి. "నా పెళ్ళప్పుడు నేను ఉప్పు డబ్బాలో పంచదార పోశా. మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమెకి దుప్పటి కొసలు కనపడలేదు.

"మూడు నెలలు ఆగితే మార్చేస్తాను ఆయమ్మా. ఒట్టు. కానీ డాక్టర్ గారు..."

"ఆగనంటోందిగా ఇది" అని కడుపు పక్కన చూపించింది, అల్లరి చేస్తున్న మనిషిని చూపించినట్టు. "మొన్న రెండుసార్లు వాంతయింది. బయట చేయించుకునే స్తోమత ఉంటే ఇక్కడ మంచాలెందుకు మారుస్తా? అయినా నీకెందుకు దిగులు? మాస్టారూ, నేనూ దారి కనిపెట్టేశాం."

"ఏం దారి?"

"నువ్వు పెట్టిందే."

ఆమెకి అర్థం కాలేదు. ఆయమ్మ గొంతు తగ్గించింది. "వేలు అడగని డబ్బా ఒకటి పెట్టావుగా. రోడ్డు మీద పడిపోయి, స్పృహ లేకుండా వచ్చేవాళ్ళకి. ఆ బటన్ నొక్కగానే పేరు అదే రాసుకుంటుందట."

గుర్తు తెలియని మహిళ.

అది పెట్టించింది ఆయమ్మే. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చీటీ కోసం వరండాలో నెత్తురోడుతూ గంట పడుకున్నాడని ఆ రెండో రోజు చెప్పింది. ఆ సాయంత్రమే ఆమె కూర్చుని ఆ భాగం రాసింది. అన్నీ డబ్బాలు చేసేసినప్పుడు కూడా దాన్ని మాత్రం తీసెయ్యలేదు. అలా వచ్చిన వాళ్ళకి ఉచితం, వెంటనే మంచం, నంబరు.

"డాక్టర్ గారికి చెప్పా. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత సరే అన్నట్టు తలూపాడు. మత్తు డాక్టరమ్మ కూడా నోరు మెదపనంది. సెలవు కాగితం పొద్దునే ఇచ్చేశా. నెలా పదిహేను రోజులు."

"ఏ కారణం రాశారు?"

"పెళ్ళి."

"ఎవరి పెళ్ళి?"

"నీదే." ఆయమ్మ పెద్దగా నవ్వింది, మధ్యలో చెయ్యి కడుపు మీద పెట్టుకుని ఆపింది. "పిలవలేదు కదా అప్పుడు. ఇప్పుడు వెళ్తున్నా."

ఆమె నవ్వలేకపోయింది. ఎంట్రీలు ఒక్కొక్కటే కళ్ళముందు తిరుగుతున్నాయి. గుర్తు తెలియని మహిళ: వయసు సుమారు. పాత జబ్బులు: తెలియవు. పడని మందులు: తెలియవు. ఆ ఎంట్రీని ఇంకే ఎంట్రీతోనూ కలపడానికి వీల్లేకుండా తనే తలుపులు బిగించింది, పొరపాటున ఒకరి జబ్బు ఇంకొకరికి అంటించకూడదని.

"ఆయమ్మా, మీకు బీపీ ఉంది. ఒక సూదిమందు పడదన్నారు అప్పట్లో, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని. అవేవీ అందులోకి రావు. వార్డులో రాత్రికి వేరే ఎవరైనా ఉంటే వాళ్ళకేం తెలుస్తుంది?"

"అందుకే చీటీ పెట్టుకుంటా, బ్లౌజుకి పిన్నుతో గుచ్చి. నా అక్షరాలు నాకే అర్థం కావు. నువ్వు రాయి."

అల్మరా మీద చాకలి లెక్కల పుస్తకం ఉంది. ఆయమ్మ అందులోంచి ఒక కాగితం చింపి, దుప్పట్ల దొంతర మీద పెట్టింది. ఆమె రాసింది. ఈమెకు బీపీ ఉంది. రోజూ వేసుకునే మాత్ర ఇది. ఈ సూదిమందు పడదు. ఆ మందు పేరు పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసింది. అలవాటుగా పైన పేరు రాయబోయింది.

"పేరొద్దమ్మా" అంది ఆయమ్మ. "గుర్తు తెలియని మనిషిని కదా."

కలం పైకెత్తింది. కాగితం మీద పేరు ఉండాల్సిన చోట ఒక చుక్క పడింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే వదిలేసి మడిచి ఇచ్చింది. ఆయమ్మ జాకెట్టు లోపల దోపుకుని, రెండు మూటలు మిగిలాయని బయల్దేరింది. వరండాలో ఎదురొచ్చిన ప్రతి నర్సూ, ప్రతి రోగి చుట్టమూ ఆవిణ్ణి పలకరిస్తున్నారు. ఆయమ్మా దుప్పటి, ఆయమ్మా నీళ్ళు, ఆయమ్మా మా అమ్మ తిన్నదా. ఆవిడ ఒక్కొక్కరికీ జవాబు చెబుతూ మెట్ల దాకా వచ్చింది.

"రేపు నేను వస్తాను" అంది ఆమె. "తలుపు దగ్గర ఉంటాను. ఎవరో ఒకరు ఉండాలి కదా."

"వద్దు తల్లీ." ఆయమ్మ ఆమె భుజం మీద దారప్పోగు తీసేసింది. "రేపు పొద్దున ఏడింటికి మా చెల్లెలు బండిలో తెచ్చి అత్యవసర ద్వారం బయట దింపేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. మాస్టారు వచ్చి, అయ్యో ఎవరో పడిపోయారు అంటాడు. ట్రాలీ వాళ్ళకి, నర్సమ్మలకి అందరికీ చెప్పేశా, నన్ను ఎవరూ పలకరించకూడదని. నువ్వొచ్చావంటే నీ మొహం చూస్తేనే తెలిసిపోతుంది, నేను నీకు తెలిసిన మనిషినని. రేపు మాత్రం రాకు."